పాచికీ ఉడుముకీ పది మార్కులు

ప్రశ్నపత్రం తయారుచేయడంలో ఎల్లస్వామి సారుకు తనదంటూ ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్లు వచ్చి పాతికేళ్లయినా అది మారలేదు. ఒకవైపు వాడేసిన కాగితాలను తిప్పి, ఖాళీ వైపు ప్రశ్నలు రాస్తాడు. వాటిని కత్తెరతో పీలికలుగా కత్తిరిస్తాడు. పీలికలన్నీ బల్ల మీద పరిచి, పేకముక్కలు సర్దినట్టు తేలికవి ముందుకూ కష్టమైనవి వెనక్కూ జరుపుతాడు. మొదటి ప్రశ్నే గట్టిదైతే పిల్లల చెయ్యి వణుకుతుందని అతని నమ్మకం. వరుస కుదిరాక మెత్తటి అన్నం మెతుకులు వేలితో నలిపి, ఒక్కో పీలికనూ పెద్ద కాగితం మీద అతికిస్తాడు. ఆ ఇంట్లో గమ్ము బుడ్డి కొన్నదెప్పుడూ లేదు. "అన్నం ఉండంగ గమ్మెందుకయ్యా" అనేది భార్య సుసన్న. ఆమె పోయి నాలుగేళ్లయింది. మెతుకుల అలవాటు మాత్రం పోలేదు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా అతను బోటనీ చెబుతున్నాడు. వయసు యాభై తొమ్మిది. జువాలజీ చెప్పే లిఖిత జూన్‌లోనే చేరింది. పొద్దున్నే యాచారం బస్సులో వచ్చి, సాయంత్రం అదే బస్సులో పోతుంది. చదువు అయ్యాక రెండేళ్లు ఖాళీగా కూర్చుని, తిరిగి తిరిగి సంపాదించుకున్న మొదటి ఉద్యోగం. ఆ అమ్మాయికి సారు పద్ధతి చూస్తే నవ్వు, ముచ్చట రెండూ. అర్ధ సంవత్సర పరీక్షకు బోటనీ, జువాలజీ కలిపి ఒకటే పేపరు పెట్టమని యాజమాన్యం చెప్పినప్పుడు తన వంతు ప్రశ్నలను తనూ పీలికల మీదే రాసి, కవర్లో పెట్టి ఇచ్చింది.

"నాయి కూడ మీ మెతుకులతోనే అతికియ్యిన్రి సార్. నా పీలికలకు వేరే గమ్మైతే చిన్నబోతయి."

ఆ శనివారం మధ్యాహ్నం ఎల్లస్వామి ఇంట్లో బల్ల ముందు కూర్చుని, పక్కన చాయ్ గ్లాసు పెట్టుకుని పేపరంతా అతికించాడు. మొత్తం తొమ్మిది ప్రశ్నలు. చివరి రెండూ అయిదేసి మార్కులవి. ఎనిమిదోది అతనిది: "ఈ కింది రెండింటి మధ్య పోలికలు, తేడాలు రాయండి" అని ఒక పీలిక, కింద "ఫ్యునేరియా" అని ఒక పీలిక, దాని కింద "ఫెర్న్" అని ఇంకొకటి. కాగితం ఆదా అని, ఆ "ఫెర్న్" పీలిక మీదే రెండో వరుసలో "9. లఘుటీక రాయండి" అని కూడా రాసేశాడు. దాని కింద లిఖిత పీలిక రావాలి. అందులో గుండ్రటి అక్షరాలతో "కొమోడో డ్రాగన్" అని ఉంది. మన చేన్ల గట్ల మీద తిరిగే ఉడుముకు అది వరుసకు పెద్దన్న. మూడు మీటర్ల పొడవుతో ఎక్కడో ఇండోనేషియా దీవుల్లో బతుకుతుంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. ఇక ఫ్యునేరియా అంటే అందరికీ తెలిసిందే, పుస్తకంలో దాని పేరు అంత పెద్దది గాని, ఊళ్లో పాచి అంటారు.

సాయంత్రం ఆ కాగితం తీసుకెళ్లి బస్టాండు దగ్గర నగేష్ జిరాక్స్ సెంటర్లో ఇచ్చాడు. "నగేష్, మొత్తం తొమ్మిది ప్రశ్నలు. జర చూసి కొట్టు" అన్నాడు. మర్నాడు ఆదివారం ఫోను ఆపేసి కందుకూరు పోయాడు. సుసన్న పుట్టింటి ఊరు అది. ఆమె సమాధి అక్కడే ఉంది. ఏటా ఆమె పోయిన రోజున ప్రార్థన పెట్టించి, రాత్రికి బామ్మర్ది ఇంట్లో ఆగి, సోమవారం సాయంత్రానికి తిరిగి వస్తాడు. ఆ రెండు రోజులూ ఫోను తెరవడు. కాలేజీలో అందరికీ తెలిసిన సంగతే. పరీక్ష సోమవారం పొద్దున జరిగిపోయింది.

మంగళవారం కాలేజీ గేటులో అడుగు పెట్టగానే ఆయా ఇంద్రమ్మ చేతిలో చీపురుతోనే ఎదురొచ్చింది.

"ఏం సారూ, గిప్పుడొస్తున్నవా? ఈడ కొంప మునిగింది. లిఖిత మేడాన్ని పెద్దసారు నిలబెట్టి కడుగుతుండు."

"ఎందుకట్ల?"

"ఏమో నాయినా. ఉడుముకు, పాచికి ఏదో లగ్గం చేసిందంట పేపర్ల."

కరెస్పాండెంట్ రఘునందన్ గది తలుపు తెరిచే ఉంది. లిఖిత గోడవారన నిలబడి ఉంది. బల్ల మీద ప్రశ్నపత్రం, దాని పక్కన ఆగకుండా టింగు టింగుమంటున్న రఘునందన్ ఫోను.

"రాండ్రి సార్, రాండ్రి. మీరు కూడ చూడున్రి మన ఘనకార్యం" అంటూ రఘునందన్ కాగితం అతని వైపు తోశాడు.

ఎల్లస్వామి కళ్లజోడు సర్దుకుని చదివాడు. "8. ఈ కింది రెండింటి మధ్య పోలికలు, తేడాలు రాయండి: ఫ్యునేరియా, కొమోడో డ్రాగన్. (10 మార్కులు)". తొమ్మిదో ప్రశ్న లేదు.

"ఉడుముకు, పాచికి పోలికేంది సార్? రేపు మా తాతకు, ట్రాక్టరుకు పోలిక రాయమంటరా? బొంగులూరు పరశురాం లేడూ, స్తుతి వాళ్ల నాయిన, గాయన దీన్ని ఫోటో కొట్టి గ్రూపులల్ల పెట్టిండు. పొద్దుగాల్నించి ఒకటే నవ్వుడు. కాలేజీ ఇజ్జత్ పోయింది. పది మార్కులు సార్! పిల్లల పది మార్కులు గంగల కలిసినయ్."

"ఎట్లయింది ఇది?" అన్నాడు ఎల్లస్వామి.

రఘునందన్ జవాబు చెప్పేలోపే లిఖిత అంది. "తప్పు నాదే సార్. ప్రూఫుకు నేనే సరేనన్న."

ఆమె తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఎల్లస్వామి గుండెలో మెదిలింది జాలి కాదు. హమ్మయ్య, నాది కాదు అనుకున్నాడు. కారణం ఉంది. రెండేళ్ల కింద జవాబు పత్రాల కట్ట ఆటోలో మరిచిపోయి వచ్చాడు. ఆటోవాడు మంచివాడు కాబట్టి తెచ్చిచ్చాడు. ఆనాడు రఘునందన్ మెత్తగానే అన్నాడు. "సార్, మీరంటే మాకు గౌరవం. గని ఇంకొక్కసారి ఇట్లయితే మాత్రం ఇంటికాడ రెస్టు తీసుకోవాలె." ఇంటి దగ్గర రెస్టు అంటే ఏమిటో ఎల్లస్వామికి తెలుసు. ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో తెలుసు.

"రేపు పొద్దుగాల రాతపూర్వకంగ ఎక్స్‌ప్లనేషన్ ఇయ్యి మేడం. తర్వాత ఏం చేయాలెనో నేను చూస్త" అన్నాడు రఘునందన్. ఎల్లస్వామి వైపు తిరిగి, "సార్, పత్రాలు మీరే దిద్దున్రి. ఆ పది మార్కులు తీసేసి రేపటికల్లా ఇయ్యిన్రి. జువాలజీకి వేరే మనిషిని చూడాలె ఇగ" అన్నాడు.

లిఖిత విననట్టే నిలబడి ఉంది. చేతిలో ఉన్న పెన్ను మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ, పెడుతూ.

సాయంత్రం నలభై మూడు పత్రాల కట్ట సంచిలో వేసుకుని, ఈసారి ఆటో దిగేముందు రెండుసార్లు తడిమి చూసుకుని, ఎల్లస్వామి ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుందామని పెరట్లో జాలారి దగ్గరికి పోయాడు. గిన్నెలు తోముకునే ఆ బండ వారన, కొళాయి కింద, పాచి మెత్తగా దళసరిగా పెరిగి ఉంది. సుసన్న ఉన్నప్పుడు ఇంతలేదు. శనివారం శనివారం ఆమె కొబ్బరిపీచుతో బండంతా తోమి, కొళాయి కింద ఒక్క అరచెయ్యి మేర మాత్రం వదిలేసేది. "ఇది నీ క్లాసుకు" అనేది. పాఠం చెప్పే రోజు అందులోంచి ఒక పలుకు గిల్లి, డబ్బాలో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లేవాడు. అది పుస్తకంలోని ఫ్యునేరియా కాదని, దాని దాయాది అని పిల్లలకు ఒట్టేసి మరీ చెప్పేవాడు. ఆమె పోయాక తోమడానికి చెయ్యి రాలేదు. అరచెయ్యి కాస్తా ఇప్పుడు చాపంత అయింది.

మగ్గుతో నీళ్లు ముంచి వంగబోతుంటే పాచి మీద తెల్లగా ఏదో కనబడింది. కాగితం పీలిక. వెనకవైపుకు అంటుకున్న మెతుకు ఉబ్బి ఉంది. పాచి తడికి కాగితం మెత్తబడింది గాని చిరగలేదు. బాల్ పెన్ను రాత చెదరలేదు.

"ఫెర్న్
9. లఘుటీక రాయండి"

అతని చేతిరాతే.

చాలాసేపు వంగే ఉన్నాడు. నడుం నొప్పి పుట్టాక గాని ఆ సంగతి తెలియలేదు. అంతా కళ్లముందు కట్టింది. శనివారం మెతుకు పూసి పక్కన పెట్టిన పీలిక మీద చాయ్ గ్లాసు పెట్టి ఉంటాడు. అది గ్లాసు అడుగున అంటుకుంది. ఆ గ్లాసు తెచ్చి ఇక్కడ పాచి మీద పెట్టాడు. గ్లాసు తోమేటప్పుడు పీలిక ఇక్కడే ఉండిపోయింది. అక్కడ కాగితం మీద ఫ్యునేరియా కిందికి కొమోడో డ్రాగన్ వచ్చి కూర్చుంది. లిఖిత చేసిందేమీ లేదు. ఆమె పెట్టిన పీలిక పెట్టినచోటే ఉంది.

చేతిలో మగ్గు నిండా నీళ్లున్నాయి. ఒక్క విసురు విసిరితే చాలు, పీలిక కొట్టుకుపోయి మోరీలో పడుతుంది. చూసినవాళ్లు ఎవరూ లేరు. వయసులో ఉన్న పిల్ల, ఈ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి దొరకదా అని మనసు ఒక మూల నుంచి గొణిగింది. నాకైతే దొరుకుతుందా అని ఇంకో మూల నుంచి అడిగింది. అతను ఆ రెండు గొంతులనూ విన్నాడు. రెండూ తనవే కావడం అతనికి సిగ్గనిపించింది.

మగ్గు పక్కన పెట్టేశాడు. ఇంట్లోకి పోయి టిఫిను డబ్బా మూత తెచ్చి, పీలికను కింద ఉన్న పాచితో సహా మెల్లగా ఎత్తి మూతలో పెట్టాడు. కాళ్లు కడుక్కోవడం మరిచిపోయాడు.

లైటు వేసుకుని పత్రాలు ముందేసుకున్నాడు. ఎనిమిదో ప్రశ్న అందరూ వదిలేసి ఉంటారనుకున్నాడు. మొదటి పత్రం తీసేసరికి రెండు పేజీల జవాబుంది. రెండోది తీశాడు. అందులోనూ ఉంది. నలభై మూడు మందిలో ఒక్కరూ వదల్లేదు. పదిమార్కుల ప్రశ్నను వదిలే పిల్లలు ఆ కాలేజీలో లేరు.

"ఫ్యునేరియా ఉన్నచోటి నుంచి కదలదు. కొమోడో డ్రాగన్ తిరుగుతుంది. కనుక ఫ్యునేరియాకు బస్‌పాస్ అక్కర లేదు" అని ఒకడు రాశాడు. ఎల్లస్వామి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు గోడలకు తగిలి వినబడేసరికి తనే ఉలిక్కిపడ్డాడు. ఇంకొకడు "కొమోడో పొడవు మూడు మీటర్లు, ఫ్యునేరియా పొడవు మూడు సెంటీమీటర్లు, కాబట్టి మూడు అనేది రెండింటికీ పోలిక" అని లెక్క కుదిర్చాడు. ఒక అమ్మాయి ఉడుము పట్టునూ పాచి పట్టునూ పోల్చి, ఉడుము గోళ్లతో పడుతుందనీ, ఫ్యునేరియా వేర్లు లేకపోయినా సన్నని మూలతంతువులతో రాయిని పడుతుందనీ, రెండింటినీ ఊడబెరకడం కష్టమేననీ రాసింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎల్లస్వామి ఎర్ర పెన్ను పక్కన పెట్టి పచ్చ పెన్ను తీశాడు.

ముప్ఫై ఒకటో పత్రం స్తుతిది. గ్రూపులో ఫోటో పెట్టిన పరశురాం కూతురు.

"ఒకటి జంతువు, ఒకటి మొక్క. ఒకటి వేటాడుతుంది, ఒకటి తన అన్నం తానే వండుకుంటుంది. ఇవి తేడాలు. పోలికలు వెతకడం కష్టమైంది గాని ఉన్నాయి. పొద్దున ఎండ తగిలితే గాని రెండింటికీ రోజు మొదలుకాదు. కొమోడో ఆడదానికి మగది దొరక్కపోతే ఒంటరిగానే గుడ్లు పెట్టి పిల్లలను చేయగలదని మేడం చెప్పారు. ఫ్యునేరియా తెగిన చిన్న ముక్క నుంచి కూడా తిరిగి మొలుస్తుందని సార్ చెప్పారు. అంటే ఒంటరిగా మిగిలినంత మాత్రాన రెండూ ఆగిపోవు. కొమోడో తగ్గిపోతోందని దానికి కాపలా పెట్టారు. ఫ్యునేరియా అంతటా ఉంది కాబట్టి మా అమ్మ చీపురుతో గీకేస్తుంది. కాని కొమోడో పోతే దీవి చిన్నబోతుంది, పాచి పోతే రాయి మీద మట్టి పుట్టదు."

ఎల్లస్వామి ఆ పేరా రెండుసార్లు చదివాడు. ఇరవై రెండేళ్లలో ఈ మాట అతనికి తట్టలేదు. పదికి తొమ్మిది వేశాడు. స్పోర్ల సంగతి రాయనందుకు ఒకటి తగ్గించాడు. తర్వాత మిగిలిన పత్రాలన్నీ దిద్ది, స్తుతిది పైన పెట్టి, కట్టకు దారం చుట్టాడు.

బుధవారం పొద్దున గేటు దగ్గర ఇంద్రమ్మ టిఫిను మూతలోకి తొంగి చూసింది.

"గిదేంది సారూ? పొద్దుగాల పొద్దుగాల పాచి పట్టుకొచ్చినవ్? ఇడ్లి దొరకలేదా?"

"ఇది నా తప్పు ఇంద్రమ్మా. పెద్దసారుకు చూపెట్టాలె."

"తప్పయితే దాచుకోవాలె గాని డబ్బాల పెట్టుకొని తిరుగుతరా ఎవరన్న?" అంటూనే ఆమె దారి ఇచ్చింది.

గదిలో లిఖిత అప్పటికే ఉంది. మడిచిన కాగితం ఒకటి రఘునందన్ బల్ల మీద పెట్టి, చేయి ఇంకా దాని మీదే ఉంచింది. ఎల్లస్వామి టిఫిను మూతను ఆ కాగితం పక్కన పెట్టాడు.

"రఘునందన్ సార్, ఆ కాగితం చదవొద్దు. తప్పు నాది. ఇగో, ఇది తప్పిపోయిన పీలిక. నా చాయ్ గ్లాసు కింద అంటుకొని మా జాలారిల పడ్డది. ఈ బిడ్డ చేసిందేం లేదు."

రఘునందన్ మూతను తనవైపు జరుపుకుని, వేలు పెట్టబోయి, పాచి చూసి వెనక్కి తీశాడు. చదివాడు. లిఖిత కళ్లు పెద్దవి చేసుకుని ఎల్లస్వామినే చూస్తోంది.

"మీరెందుకు చెప్పిన్రు సార్?" అంది. "నేను చెప్పిన గద నాదని."

"నీది కానిది నీదని ఎట్ల చెప్తవ్?"

"నాది కూడ ఉంది సార్" అంది లిఖిత. "నగేషన్నను అడుగున్రి."

రఘునందన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నగేష్‌కు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. వెనక జిరాక్స్ మిషను చప్పుడు వినబడుతోంది.

"అవ్ సార్, ఆదివారం నేను అడిగిన గద" అన్నాడు నగేష్. "సార్ తొమ్మిది ప్రశ్నలన్నడు, కాయితంల ఎనిమిదే ఉన్నయ్. సారుకు ఫోన్ చేస్తె ఆగిపోయుంది. మేడానికి చేసిన. మొత్తం చదివి వినిపిచ్చిన. మేడం ఏమన్నదంటే, ‘సార్ నా ప్రశ్నను తన ప్రశ్నల కలిపిండు, అయిదు అయిదు పది మార్కులు చేసి కొట్టు’ అన్నది. నేను కొట్టిన. నా పైసల సంగతి జర చూడున్రి సార్."

రఘునందన్ ఫోను పెట్టేశాడు. "కలిపిండు అని నీకెట్ల తెలుసు మేడం?"

లిఖిత ముఖం ఎర్రబడింది. "తెల్వది సార్. గని సార్ ఏదన్న పెట్టిండంటే దానికో లెక్క ఉంటది. ఉత్తగ పెట్టడు. పాచిని, ఉడుమును పక్కపక్కన పెట్టి పిల్లలను ఆలోచించమంటుండు అనుకున్న. నా ప్రశ్నను సార్ ప్రశ్న పక్కన కూసోబెట్టిండని మస్తు సంబురమైంది. అడగాలె. అడగలే. నిన్న పేపరు మీద మీరు కోపం చేస్తుంటే అర్థమైంది సార్‌ది పొరపాటని. అప్పుడు ఆటో సంగతి యాదికొచ్చింది, ఇంద్రమ్మ చెప్పింది. ఇంకోసారైతే సారును ఇంటికి పంపిస్తరని..."

మాట మధ్యలో ఆపేసింది. ఎల్లస్వామి కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాల మీద మరకేమీ లేదు.

రఘునందన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగుంది. ఒకరేమో నాదంటరు, ఇంకొకరేమో కాదు నాదంటరు. తప్పు చేసినోళ్లు కొట్లాడుకునుడు గిదే ఫస్టు టైం చూస్తున్న. మరి పిల్లల పది మార్కుల సంగతేంది? పరశురాంకు ఏం చెప్పాలె?"

ఎల్లస్వామి సంచిలోంచి కట్ట తీసి దారం విప్పాడు. స్తుతి పత్రం పైనే ఉంది. "మార్కులు తీసెయ్యలే సార్. తీసెయ్యాల్సిన అవసరం లేదు. జర చదవున్రి. తర్వాత నన్ను ఇంటికి పంపుతరా, పంపరా, మీ ఇష్టం."

రఘునందన్ చదవడం మొదలుపెట్టాడు. మొదట నుదురు ముడిచే చదివాడు. చీపురు దగ్గరికొచ్చేసరికి ముడి వీడింది. పేజీ తిప్పి కిందిది తీశాడు. బస్‌పాస్ దగ్గర ముక్కుతో నవ్వాడు. ఇంకొకటి తీశాడు. గుమ్మంలో ఇంద్రమ్మ చాయ్ పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి రావాలో, పోవాలో ఆమెకు తెలియలేదు.

ఏడెనిమిది పత్రాలయ్యాక రఘునందన్ ఫోను తీసి పరశురాంకు కలిపాడు.

"పరశురామన్నా, పేపరు ఫోటో పెట్టినవ్ గద. మంచిగ చేసినవ్. ఇప్పుడు నీ బిడ్డ జవాబు ఫోటో పెడుతున్న, అది కూడ పెట్టు. పదికి తొమ్మిదొచ్చినయ్... ఆఁ, ఆ ప్రశ్నకే... అవ్, పాచికి, ఉడుముకే. నీకు నాకు తెల్వది గని పిల్లలకు తెలిసింది."

అవతల పరశురాం ఏమన్నాడో వినబడలేదు. రఘునందన్ "ఆ, ఆ, చెప్త" అని పెట్టేశాడు. తర్వాత టిఫిను మూతను మెల్లగా పక్కకు జరిపాడు.

"మేడం, నీ కాయితం నువ్వు తీసుకో" అన్నాడు. "వేరే మనిషిని చూసుడు లేదు. గని ఇంకోసారి అనుమానమొస్తె అడగాలె. సారైనా సరే, నేనైనా సరే. మొహమాటానికి పోతె మునిగేది పిల్లలు." ఎల్లస్వామి వైపు తిరిగాడు. "మీకు ఒకటే షరతు సార్. మెతుకులు బంద్. చాయ్ గ్లాసు బల్ల మీదికెల్లి అవతల. పేపరు కొట్టేటప్పుడు నగేష్ పక్కన కూసోవాలె. అయిపోయేదాక లేవొద్దు."

"కూసుంట" అన్నాడు ఎల్లస్వామి. అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ పాచి ఏం చేయమంటరు?" అన్నాడు రఘునందన్.

"ఇంటికి తీస్కపోత సార్. దాని జాగల దాన్ని పెడ్త."

ఇంద్రమ్మ అప్పుడు లోపలికొచ్చి చాయ్ పెట్టింది. చల్లబడిపోయింది. ముగ్గురూ తాగారు.

సాయంత్రం బస్టాండులో యాచారం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. లిఖితకు కిటికీ పక్క సీటు దొరికింది. ఎల్లస్వామి కింద నిలబడి ఉన్నాడు. ఇలా బస్సు దాకా వచ్చి సాగనంపడం అతనికి అలవాటు లేదు.

"బిడ్డా, నిన్న నాది కాదని తెలిసి సంతోషపడ్డ" అన్నాడు ఉన్నట్టుండి. "నిన్ను నిలబెట్టి అంటుంటే నేను లోపల హమ్మయ్య అనుకున్న. అది నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగదు."

"నేను కూడ ఒకటి చెప్పాలె సార్" అంది లిఖిత. "పొద్దుగాల మీరు మూత తెచ్చి బల్ల మీద పెట్టంగనే నేను కూడ గదే అనుకున్న. హమ్మయ్య అని. ఆ తర్వాతే ఏడుపొచ్చింది."

ఇద్దరూ నవ్వారు. డ్రైవరు హారను కొట్టాడు. బస్సు నాలుగడుగులు కదిలాక ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"సార్! ఆ ఫెర్న్ ఇంక బాకీ ఉంది. ఫైనల్‌ల పెట్టాలె!"

"తల లోపట పెట్టు ముందు!" అని అతనూ అరిచాడు.

ఇంటికొచ్చి ఎల్లస్వామి మొదట జాలారి దగ్గరికే పోయాడు. పీలికను మెల్లగా ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎత్తిన చోట బండ మీద ఖాళీ జాగా ఒకటి కనబడుతోంది. పాచి పలుకును అందులో పెట్టి, బొటనవేలితో మెత్తగా అదిమి, మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాడు. అతుక్కుంటుంది, దానికి మెతుకులు అక్కర్లేదు. తర్వాత చాలా కాలానికి మొదటిసారిగా కొబ్బరిపీచు తీసి బండ తోమడం మొదలుపెట్టాడు. అవతలి చివర నుంచి తోముకుంటూ వచ్చి, కొళాయి కింద అరచెయ్యి మేర మిగిలాక ఆగాడు.

చాయ్ పెట్టుకుని తాగాడు. గ్లాసు కడిగి, బోర్లించి, అడుగు ఒకసారి చూసుకున్నాడు. ఏమీ లేదు.